తలుపు వెనక బొగ్గు రాతలు

బాపూ,

నువ్వు గనిలో చనిపోయాక మేం ఖాళీ చేసిన నస్పూర్ క్వార్టర్‌కు, మరిచిపోయిన బిందె కోసం నిన్న వెళ్లాను. సున్నం వేస్తున్నారు. తలుపు వెనక గోడ మీద నువ్వు బొగ్గుతో రాసుకున్న షిఫ్టులు సగం పోయాయి.

"జర ఆగున్రి, ఫోటో తీస్కుంట" అన్నాను.

"గా బొగ్గు గీతలు ఎవలికి గావాలె బిడ్డా?" అన్నాడు సున్నమాయన, బ్రష్ ఆపకుండా.

ఇవాళ కంప్యూటర్ సెంటర్‌లో, పైథాన్ ప్రోగ్రామింగ్ క్లాసులో, ఫైల్‌లో రాయడం నేర్పారు. ఫైల్‌ను 'w' అనే అక్షరం పెట్టి తెరిస్తే, కొత్తది రాయకముందే పాతదంతా పోతుంది. ఆ బ్రష్‌లాగే, అడగదు. 'a'తో తెరిస్తే పాతది ఉంటుంది, చివర కొత్తది చేరుతుంది.

నేను 'a' పెట్టి "బాపు డ్యూటీకి పోయిండు" అని రాశాను. ప్రోగ్రాం నడిపిన ప్రతిసారీ అదే లైను మళ్లీ చేరింది.

"వచ్చిండు" అని రాసినా చేర్చుకుంటుంది బాపూ. దానికేం తెలుసు?