నూట అరవై తర్వాత పదహారు పేజీలు

ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా: డెబ్బై రెండేళ్ల వయసు గల నేను, చర్చి సంఘంవారి అచ్చుకూటంలో నలభై ఎనిమిదేళ్లు పుస్తకాలు కుట్టి అట్టలు వేసినవాణ్ణి, అందరూ ‘అట్టలాయన’ అని పిలిచేవాణ్ణి, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి సరిగా ఉందని డాక్టరుగారు కాగితం రాసి ఇచ్చారు. మనసు సంగతి ఆయన అడగలేదు. అడిగి ఉంటే సరిగా లేదనే చెప్పేవాణ్ణి. చట్టానికి బుద్ధి ఉంటే చాలునట.

ఈ గురువారం ఉదయం తొమ్మిదింటికి నా పొట్ట కోస్తారు. బతకడం, బతకకపోవడం సగం సగం అన్నారు. నా భయం దాని గురించి కాదు. ఎనిమిది నెలలుగా నాకు ప్రార్థన రావడం లేదు. మోకాళ్లు వంగుతాయి, కళ్లు మూసుకుంటాయి, నోరు తెరుస్తాను, లోపల ఏమీ ఉండదు. బలవంతాన నాలుగు మాటలు అన్నా గోడతో మాట్లాడినట్టే ఉంటుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆదివారాల్లో అందరితోపాటు పెదాలు కదుపుతూ వచ్చాను. వారసులు ముందుగా ఇది తెలుసుకోవాలి. కింద రాసిన పంపకాల్లో చాలా భాగం దీనివల్లనే పుట్టింది.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత ఎదురు కొట్టు టైలరుకు అప్పగిస్తున్నాను. సంఘంలో ఇంతమంది పెద్దలుండగా దేవుణ్ణి నమ్మనివాడికి అప్పగించాడేమిటని గుసగుసలు పోతారు. పోనీండి. ఆయన దేవుణ్ణి నమ్మడు గానీ కొలత టేపును నమ్ముతాడు. ఒకరి కొలత ఇంకొకరికి కుట్టిన పాపాన పోలేదు. శ్రమకు ప్రతిఫలంగా నా పెద్ద కత్తెర ఆయనకు చెందుతుంది. పదేళ్లుగా దాని మీద కన్నేశాడని నాకు తెలుసు.

2. నేను ఉంటున్న రెండు గదుల ఇల్లు, వరండా, వరండాలో కిర్రుమనే మడత కుర్చీ, వీటిని నా తదనంతరం బస్సు డ్రైవరుగా పనిచేస్తున్న నా కొడుకు సర్వహక్కులతో అనుభవించవలసినది. నాయనా, నువ్వు మేడమెట్ల మీద నిలబడి నీ చెల్లెలితో ఫోన్లో మాట్లాడడం నాకు ఎప్పటినుంచో తెలుసు. “నాన్న కునుకు తీస్తున్నాడులే, చెప్పు” అంటావు. నాన్న కునుకు తీయడం లేదు. నువ్వు మాట్లాడినంతసేపూ చెవులు రిక్కించి వింటూనే ఉన్నాడు. దాని గొంతు వినపడదు, నీ ‘ఊఁ’లు మాత్రమే వినపడతాయి. ఇన్నేళ్లూ ఆ ‘ఊఁ’లతోనే సరిపెట్టుకున్నాను. మాట్లాడినందుకు కాదు, మానెయ్యనందుకు నీకు రుణపడి ఉన్నాను.

3. కాగితం మడతపెట్టే నా ఎముక బద్ద, అచ్చుకూటంలో నా పక్క బల్ల మీద ముప్ఫై ఏళ్లు ఫారాలు మడిచిన అక్కకు చెందవలసినది. ఒకసారి అది కనపడకపోతే అక్కే తీసిందని నలుగురిలో అన్నాను. మర్నాడు నా కోటు జేబులోనే దొరికింది. దొరికిందని చెప్పలేదు. కొత్తది కొన్నానని చెప్పాను. అక్కా, అది కొత్తది కాదు.

4. ఇక అసలు సంగతి. ఇది పంపకం కాదు, వాంగ్మూలం. అయినా ఈ పత్రంలో భాగంగానే పరిగణించవలెను.

ఇరవై ఆరేళ్ల కిందట మా పాస్టరు అయ్యగారు ఒక పుస్తకం తెలుగులోకి తెచ్చారు. ఏనాటివాడో ఒక సన్యాసి, మఠంలో కూర్చుని తన చెల్లెలికి రాసిన పన్నెండు ఉత్తరాలు. విశ్వాసంలో ఎలా నిలవాలి, ఎలా ఎదగాలి, కోపాన్ని ఏం చేసుకోవాలి, పక్కవాడి గురక ఎలా భరించాలి, ఇలాంటివి. అయ్యగారు తాను చదువుకున్న చోట చేత్తో ఎత్తి రాసుకున్న నోట్సులోంచి అనువదించారు. ఆ నోట్సు ఆయనతోపాటే పోయింది.

మా లెక్కలో పదహారు పేజీలు ఒక ఫారం. ఒక్కొక్క ఫారం మడిచి, వరసగా పేర్చి, దారంతో కుడితే పుస్తకం. పదకొండో ఉత్తరం సరిగ్గా పదకొండో ఫారంలో ఇమిడిపోయింది, నూట అరవై ఒకటి నుంచి నూట డెబ్బై ఆరు వరకు. అదే కొంప ముంచింది. అటూ ఇటూ ఒక్క పేజీ జరిగి ఉన్నా దాన్ని పీకెయ్యడం కుదిరేది కాదు.

ఆ ఉత్తరంలో సన్యాసి తనకు నాలుగేళ్లుగా దేవుడు పలకడం లేదని రాశాడు. సంఘం కమిటీ పెద్ద, అన్నిటికీ ఆమెన్ అంటాడు గనుక ఆమెన్‌గారనే పిలిచేవాళ్లం, ఆయన ఇది తీసేయాలన్నాడు. అయ్యగారు ఒప్పుకోలేదు. చివరికి అయ్యగారే ఒక దారి చెప్పారు: “మన అట్టలాయన మామూలు మనిషి, భక్తిపరుడు. ఆయన్ని చదవమందాం. ఉంచమంటే ఉంచుదాం, తీసేయమంటే తీసేద్దాం.”

నేను నాలుగు పేజీలు చదివాను. ఐదో పేజీ చదవలేదు.

ఎందుకంటే మూడు నెలల ముందే నా భార్య పోయింది. ఆమె పోయిన దగ్గర్నుంచి మా అమ్మాయి, అప్పటికి దానికి పందొమ్మిదేళ్లు, “నాన్నా, నాకు ప్రార్థన రావడం లేదు” అంటోంది. పొగరన్నాను. సైతాను అన్నాను. స్నేహితులు చెడగొట్టారన్నాను. తీరా ఆ ఉత్తరంలో సన్యాసి నా కూతురి మాటే, అక్షరం పొల్లుపోకుండా, ఒక పరిశుద్ధుడి నోటితో అంటున్నాడు. అది ఉంచితే దానిది తప్పు కాదని నేను ఒప్పుకోవాలి. అయ్యగారి దగ్గరికెళ్లి “తీసెయ్యండి, విశ్వాసులు చెడిపోతారు” అన్నాను. ఆయన నా ముఖం చూసి “పూర్తిగా చదివావా?” అని అడిగారు. చదివానన్నాను.

ఐదువందల ప్రతుల కోసం మడిచిన ఆ ఫారాలన్నీ అచ్చుకూటం వెనక పెరట్లో నేనే తగలబెట్టాను. పన్నెండో ఉత్తరం తల మీద చీటీ అతికించి పదకొండని పేరు మార్చారు గానీ, దాని పేజీల మీద అంకెలు అప్పటికే అచ్చయి ఉన్నాయి. నూట అరవై తర్వాత నూట డెబ్బై ఏడు వస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కరే గమనించారు. మా అమ్మాయి. పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టి, “ఇక్కడ పదహారు పేజీలు ఏమయ్యాయి నాన్నా?” అంది. అచ్చుతప్పన్నాను.

ఆ తర్వాతి ఆదివారం సంఘం ముందు దాన్ని నిలబెట్టి పశ్చాత్తాపపడమన్నాను. “నాకేమీ వినపడట్లేదు. వినపడుతున్నట్టు పెదాలు కదపమంటావా?” అంది. అందరి ఎదుటా చెంప పగలగొట్టాను. వారం తిరక్కుండా ఇల్లు వదిలింది. మళ్లీ రాలేదు.

5. నా చదువు కళ్లద్దాలు ఆమెన్‌గారికి చెందవలసినవి. తొంభై ఏళ్లు దాటినా ఆయన చూపు బాగానే ఉందని విన్నాను. ఆ ఉత్తరం చదవకుండానే తీసేయమన్నారు గనుక ఇస్తున్నాను. నేను నాలుగు పేజీలైనా చదివానని గొప్ప చెప్పుకోవడం కాదు. నాలుగు చదివి తీసేయమనడం ఇంకా హీనం. అయినా కళ్లద్దాలు ఆయనకే ఇవ్వండి.

6. ఇప్పుడు నా దగ్గరున్న ఏడు ఆకుల గురించి.

అన్నీ తగలబెట్టానన్నాను గానీ ఒకటి మిగిలింది. కుట్టు సరిచూసుకోవడానికి ముందుగా ఒక నమూనా ప్రతి కుట్టుకుంటాం. దానిలోంచి విప్పిన ఫారం నా బల్ల మీద ఉండిపోయింది. ఆ రోజు ఎనిమిది లావుపాటి పాటల పుస్తకాలకు అట్టలు వేస్తున్నాను. పుస్తకం వీపు గట్టిగా ఉండాలని, కుట్టు మీద జిగురు రాసి ఒక పాత కాగితం అతికించి, దాని మీద అట్ట బిగిస్తాం. లోపలి కాగితం ఎవరికీ కనపడదు. ఆ రోజు చిత్తుకాగితం అయిపోయింది. ఫారంలో ఆకులు ఎనిమిది, పుస్తకాలు ఎనిమిది. చేతికందింది వాడేశాను. అంతకుమించి ఆలోచన లేదు.

ఎనిమిది నెలల కిందట నా లోపల అంతా ఎండిపోయినప్పుడు, ఆ సన్యాసి గుర్తుకొచ్చాడు. ఇలాంటి చోట ఇంతకుముందు నిలబడిన మనిషి నాకు తెలిసి ఆయన ఒక్కడే. రెండోది నా కూతురు. ఆయన ఆ తర్వాత ఏం చేశాడో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. పాటల పుస్తకాలు ఎవరెవరి దగ్గరున్నాయో కనుక్కుని, ఉచితంగా అట్ట మారుస్తానని అబద్ధం చెప్పి ఇల్లిల్లూ తిరిగాను. ఒక ఇంట్లో అది బల్ల కాలి కింద ఉంది. ఒకామె, ఒకప్పుడు సంఘంలో పాటలు ఎత్తుకునే ఆమె, ఇవ్వనంది. ఇరవై ఏళ్లుగా దాని మీద చెయ్యి పెట్టుకుని పడుకుంటున్నానంది. కాళ్లు పట్టుకున్నంత పని చేసి తెచ్చుకున్నాను. ఆ పుస్తకం మళ్లీ గట్టిగా కుట్టి, గుడ్డలో చుట్టి, బీరువా పై అరలో పెట్టాను. టైలరు దాన్ని ఆమెకు స్వయంగా చేర్చవలెను. గురువారం దాకా ఆగవద్దు.

ఏడు ఆకులు వచ్చాయి. తడిగుడ్డ వేసి, జిగురు నానబెట్టి, గోటితో ఊడదీశాను. పద్నాలుగు పేజీలు. సన్యాసి దేవుణ్ణి తిట్టాడు. మఠం వదిలిపోదామని చెప్పులు వేసుకున్నాడు, విప్పాడు. “తలుపు అవతల ఎవరూ లేనట్టే ఉంది చెల్లీ. నేను మాత్రం గుమ్మం వదిలి లేవలేదు. నా భక్తి అంటూ ఉంటే ఇప్పటికి ఇంతే” అని రాశాడు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఏడ్చాను. నూట డెబ్బై నాలుగో పేజీ చివర ఇలా ఉంది: “అయినా ఇవాళ ఉదయం నీళ్లు తోడుతుండగా నాకొక సంగతి తెలిసింది. అదేమిటంటే”

పేజీ అక్కడ అయిపోయింది.

ఏం తెలిసిందో నాకు తెలియదు. నాలుగు వారాలుగా ఆ ‘అదేమిటంటే’ దగ్గరే పడి ఉన్నాను. నాకు నేనే ఏదో ఒకటి అల్లి చూశాను, ఏదీ అతకలేదు. దేవుడున్నాడని తెలిసిందో, లేడని తెలిసిందో, బొక్కెనకు చిల్లు పడిందని తెలిసిందో. ఏదైనా సరే నాకు కావాలి.

7. ఈ ఏడు ఆకులు, వాటితోపాటు నా దబ్బనం, దారం, చిన్న కత్తి, నా కూతురికి చెందవలసినవి. కొడుకుకు గానీ సంఘానికి గానీ వీటి మీద ఎలాంటి హక్కూ లేదు. కొత్త అయ్యగారు మంచివారు, మళ్లీ అచ్చు వేయిద్దామని అడగవచ్చు. వేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఈ ఉత్తరం విషయంలో నా అభిప్రాయం ఇంకెప్పుడూ ఎవరూ అడగకూడదు.

8. ఆఖరి ఆకు.

ఇకనుంచి ఇది చట్టం భాష కాదు, టైలరు క్షమించాలి.

బుజ్జమ్మా, నువ్వు వెళ్లిపోయిన రోజు నీ సంచిలో ఒక పాటల పుస్తకం పెట్టాను. దారి తప్పినదానికి అదైనా బుద్ధి చెబుతుందని పెట్టాను, ప్రేమతో అని ఇప్పుడు అబద్ధమాడను. అది ఆ ఎనిమిదింటిలో ఒకటి. మిగతా ఏడూ నేను విప్పేశాను. కాబట్టి ఆఖరి ఆకు ఇరవై ఆరేళ్లుగా నీ దగ్గరే ఉంది, ఆ పుస్తకం వీపులో.

పారేశావేమో. పారేస్తే న్యాయమే, ఆ మాట నాకు చెప్పనక్కర్లేదు. ఉంటే మాత్రం, అట్ట రెండువైపులా తెరిచి, లోపలి మడత దగ్గర ఈ చిన్న కత్తితో మెల్లగా కోసుకుంటూ పో. వీపు మీద గోరువెచ్చని తడిగుడ్డ వేసి పావుగంట ఆగు. లాగొద్దు. దానంతట అదే వదులుతుంది. నీకు చిన్నప్పుడు నా బల్ల దగ్గర నేర్పిన పనే, నీ చేతికి గుర్తుంటుంది.

నిన్ను రమ్మని అడిగే ముఖం నాకు లేదు. అయినా అడుగుతున్నాను. రాలేకపోతే ఫోన్లో చదువు. నాతో ఒక్క మాటా మాట్లాడొద్దు, ఆ రెండు పేజీలు చదివి పెట్టేసెయ్యి. గురువారం తొమ్మిది దాటితే మాత్రం నాకోసం చదవకు. నీకోసం చదువుకో. అది మొదట్నుంచీ నీకు రావలసిన ఉత్తరమే, మధ్యలో నేను పట్టుకున్నాను.

నువ్వు ఒకటి అడిగావు, పదహారు పేజీలు ఏమయ్యాయని. నేనే తీసేశానమ్మా. అచ్చుతప్పు కాదు. నీ తప్పూ కాదు.

మనిషి పోయాక తెరవవలసిన కాగితాన్ని బతికుండగానే పంపడం పద్ధతి కాదని టైలరు అన్నాడు. పద్ధతి ప్రకారం చేసిన పనులు నాకు చాలానే ఉన్నాయి.

ఇది నా మొదటి వీలునామా, ఇదే చివరిది.

రెండువేల ఇరవై మూడు, నవంబరు పదమూడు, సోమవారం.

(సంతకం) అట్టలాయన

సాక్షులు:
1. ఎదురు కొట్టు టైలరు. నా ఎదుటే రాశారు, నా ఎదుటే సంతకం చేశారు. మధ్యలో మూడుసార్లు ఆగారు.
2. ఫారాలు మడిచిన అక్క. ఎముక బద్ద సంగతి నాకు అప్పుడే తెలుసు.

గమనిక, టైలరు రాసినది: కొడుకును సాక్షిగా పెట్టలేదు. ఈ పత్రం నకలు, ఏడు ఆకులు, చిన్న కత్తి తీసుకుని అతను పదకొండు గంటల బస్సుకు చెల్లెలి ఊరికి బయలుదేరాడు. నడపడానికి కాదు, టికెట్టు కొనుక్కుని. పెద్దాయన వరండాలో మడత కుర్చీ మీద, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.