పద్నాలుగో నంబరు ఒంటరి భోజనం

పరిశీలకుడు గారికి నమస్కారం.

పురుగును తట్టుకునే జన్యుమార్పిడి మొక్కజొన్న మనుషుల తిండికీ పశువుల దాణాకీ క్షేమమో కాదో తేలుస్తున్నామనీ, అభ్యంతరాలుంటే రాయమనీ మీ ఆఫీసు పేపర్లో వేసింది. నివేదిక తెప్పించుకుని చదివాను. ముప్పయ్యో పేజీ పట్టికలో "పద్నాలుగో నంబరు: గదిలో ఒంటరి, ఆకలి మందం, బరువు తగ్గుదల" అని ఉంది. ఎవరి బిడ్డో ఏమో. తొంభై రోజులు ఒక్కణ్ణీ కూర్చోబెట్టి మొక్కజొన్న పెడతారా? ఇదే నా అభ్యంతరం.

ఇట్లు,
రిటైరైన టెలిఫోన్ ఆపరేటర్

తా.క.: ప్రతి అభ్యంతరానికీ తప్పక జవాబిస్తామన్నారు. అది చదివాకే స్టాంపు కొన్నాను.

*

గౌరవనీయులైన అమ్మగారికి,

మీ అభ్యంతరం నమోదైంది. పోల్చి చూడడానికి సగం నంబర్లకు మామూలు మొక్కజొన్నే పెడతాం. పద్నాలుగో నంబరు తిన్నదీ అదే. కనుక బరువు తగ్గడానికి కొత్త పంట కారణం కాదు. అందులోని కొత్త ప్రొటీన్ త్వరగా అరుగుతోంది, అలర్జీ తెప్పించేవాటి పోలికలు కూడా లేవు. జతచేసిన సమ్మతి పత్రం మీద సంతకం చేసి పంపితే ఫైలు మూసేస్తాం.

భవదీయుడు,
పరిశీలకుడు

తా.క.: మాకు వచ్చిన అభ్యంతరం మీదొక్కటే.

*

బాబూ,

మామూలు మొక్కజొన్న తిని కూడా చిక్కిపోయాడంటే తప్పు ఒంటరితనానిది. మావారు పోయిన ఈ నాలుగేళ్లలో నేనూ సగమయ్యాను. నా తిండిలో ఎవరూ జన్యువులు మార్చలేదే. అతను ఎవరితో మాట్లాడతాడో తేలేదాకా సంతకం పెట్టను.

ఉంటాను,
టెలిఫోన్ ఆపరేటర్

తా.క.: అతనికి స్వెట్టరు అల్లుతాను. ఛాతీ కొలత పంపండి.

*

అమ్మగారికి నమస్కారాలు.

ఛాతీ కొలత మా నియమావళిలో లేదు. పద్నాలుగో నంబరు ఎవరితోనూ మాట్లాడదు. తోడున్న పదిహేనో నంబరు రెండో వారంలో చనిపోయింది, కారణం జ్వరం. మరో సమ్మతి పత్రం జతచేశాను.

భవదీయుడు,
పరిశీలకుడు

తా.క.: మీ ఉత్తరం చూసి మా పైఅధికారి పద్నాలుగో నంబరు ఎవరని నన్నే అడిగారు. ఆయన ముప్పయ్యో పేజీ దాకా రాలేదు.

*

బాబూ,

తోడు పోయిన సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. నా మనసు చివుక్కుమంది. పరీక్ష కాగానే అతన్ని ఓ ఆదివారం మా ఇంటికి భోజనానికి పంపండి. మొక్కజొన్న వండనులెండి. పెళ్లి కాకపోతే మా కింది వాటాలో దర్జీ అమ్మాయి ఉంది. నెమ్మదైన పిల్ల, తనూ ఒక్కతే తింటుంది.

ఆశీస్సులతో,
టెలిఫోన్ ఆపరేటర్

తా.క.: అబ్బాయి ఆరోగ్యం గురించి విచారించక్కర్లేదు. రక్తపరీక్షలన్నీ మీరే చేసి ఉంటారు.

*

అమ్మా,

ఇది ఆఫీసు కాగితం కాదు. పద్నాలుగో నంబరు ఎలుక. అన్నీ ఎలుకలే. తొంభై రోజులయ్యాక వాటిని కోసి లోపలి భాగాలు పరీక్షిస్తాం. మీ మొదటి ఉత్తరం వచ్చేనాటికే అది లేదు.

మొదటి జవాబులోనే చెప్పాల్సింది. చెబితే మీరు సంతకం పెట్టేస్తారు, ఉత్తరాలు ఆగిపోతాయి. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి మీ ఉత్తరం చదువుకుంటూ తినడం నాకు అలవాటైంది. నా ఎదురు కుర్చీలో ఫైళ్లు తప్ప ఎవరూ కూర్చోరు. నన్ను క్షమించండి. ఈ శుక్రవారంతో అభ్యంతరాల గడువు ముగుస్తుంది.

మీ,
పరిశీలకుడు

తా.క.: దర్జీ అమ్మాయికి కూడా నా క్షమాపణలు చెప్పండి.

*

చిరంజీవి పరిశీలకుడికి,

ఎలుకని నాకు మీ మొదటి జవాబు వచ్చిన రోజే తెలుసు. దర్జీ అమ్మాయి నివేదిక మొదటి పేజీ చదివి చెప్పి, పడీ పడీ నవ్వింది. నేను ముందుమాటలు చదవను, అదీ జరిగింది. తెలిసీ అడుగుతూనే వచ్చాను. అడగకపోతే మీరు రాయరు కదా. ముప్పయ్యేళ్లు ఊరందరికీ లైన్లు కలిపాను. ఇప్పుడు మా ఇంట్లో ఫోను మోగితే అది రాంగ్ నంబరే.

సమ్మతి పత్రం మీద సంతకం పెట్టి పంపుతున్నాను. మీ మొక్కజొన్న మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఇకమీదట నాకు జవాబివ్వాలన్న రూలు మీకు లేదు. ఆదివారం పన్నెండున్నరకల్లా వంట అయిపోతుంది. రావాలనిపిస్తే రండి.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క.: రాలేకపోతే కబురు పెట్టక్కర్లేదు. ఒంటిగంట దాకా చూసి తినేస్తాను.