లావైన మనిషి కావలెను

దంతెవాడ
గౌరవనీయులైన నాగేశ్వరమ్మ గారికి,
కోంటా వైపు మీ ఊళ్లో తెలుగు చదివే పెద్దలు మీరేనని తెలిసి, మా కాంతిరేఖ ఆరోగ్య ప్రాజెక్టు తరఫున చిన్న యంత్రం ఒకటి పంపుతున్నాను. సూది గుచ్చక్కర్లేదు, రక్తం తీయక్కర్లేదు. జబ్బకు ఆనిస్తే కాంతి చర్మంలోకి వెళుతుంది. కొవ్వు ఆ కాంతిని ఒక రకంగా, కండ మరో రకంగా తిప్పి పంపుతాయి. దాన్నిబట్టి ఒంట్లో కొవ్వెంతో తెరమీద పడుతుంది. ఎక్కువున్న వారి కోసం డాక్టరు గారే జీపులో మీ ఊరికి వస్తారు.
భవదీయుడు,
చక్రధరరావు, ప్రాజెక్టు అధికారి
తా.క.: దీన్ని టార్చిలైటుగా వాడవద్దు. వేరే ఊళ్లో వాడారు.

చక్రధరరావు సారుకు నాగేశ్వరమ్మ దండాలు.
యంత్రం అందింది. ఊరంతా వరసలో నిలబడ్డారు. మా ఊరి హుంగా ఒక్కడు జబ్బ దాచుకున్నాడు. "ఉన్న కొంచెం కొవ్వు ఈ లైటు గుంజుకపోతే నా గతేంది?" అన్నాడు. చూస్తుందే గానీ తీసుకోదని ఒప్పించాను. ఎవరికి ఆనించినా 'తక్కువ' అనే చూపించింది. హుంగాకు ఆనిస్తే ఆరిపోయింది.
మా పక్కింటి మంగల్ భార్య మాసేకు నెలలు నిండుతున్నాయి. నిలబడితే కళ్లు తిరిగి పడిపోతోంది. డాక్టరును ఆమె కోసం పంపండి. పిల్లలకు గుడ్లు కూడా.
ఇట్లు, నాగేశ్వరమ్మ
తా.క.: హుంగా తన కొవ్వు తిరిగి ఇమ్మంటున్నాడు.

నాగేశ్వరమ్మ గారికి,
అభినందనలు. మా ప్రాజెక్టులో కొవ్వు రోగి ఒక్కరు కూడా లేని ఊరు మీదే. పై అధికారులు చప్పట్లు కొట్టారు. రోగులు లేరు కనుక డాక్టరు గారి పర్యటన రద్దు చేశాం. ఇంత చక్కటి ఫలితాన్ని గుడ్లతో పాడుచేసుకోవద్దు. మాసే గారిది కూడా 'తక్కువే' కాబట్టి మా పరిధిలోకి రారు.
భవదీయుడు, చక్రధరరావు
తా.క.: మీ వాళ్లు ఏ డైటు చేస్తారు? మా ఆవిడ అడుగుతోంది.

సారుకు దండాలు.
డైటు అడిగారు. పొద్దున జావ. తర్వాత అడవికి పోయి ఆకు కోసుకురావడం. జావ మిగిలితే రాత్రికి అదే. మిగలకపోతే అమ్మగారు ఇంకా త్వరగా తగ్గుతారు.
మంచి వార్త, రోగి దొరికింది. పేరు బుజ్జి. మంగల్ ఇంట్లోనే ఉంటుంది. దొరికిందల్లా తింటుంది, తిన్నచోటే పడుకుంటుంది. ఆనించగానే తెర ఎర్రబడి 'అత్యధికం' అని వచ్చింది. త్వరగా రండి.
ఇట్లు, నాగేశ్వరమ్మ
తా.క.: నడవమంటే కోపంగా అరుస్తోంది.

నాగేశ్వరమ్మ గారికి,
అత్యవసరం. డాక్టరు, డైటీషియన్, ఫోటోగ్రాఫరు గురువారం బయలుదేరుతున్నారు. బుజ్జి గారిని కదిలించవద్దు. ఆమె ఎదుట లావు మాట ఎత్తవద్దు, మనసు నొచ్చుకుంటుంది.
భవదీయుడు, చక్రధరరావు
తా.క.: ఫోటోకు మంచి చీర కట్టించండి.

సారుకు దండాలు.
మా ఊరి తొలి రోగి అని బుజ్జిని దంతెవాడ సభకు సన్మానానికి పంపమని కబురు పెట్టారు కాబట్టి ఇక చెప్పక తప్పదు. బుజ్జి మంగల్ పెంచుకుంటున్న పంది. డాక్టరు గానీ, వెంట వచ్చినవాళ్లు గానీ మీకు చెప్పినట్టు లేదు.
ఆ రోజు ఆయన రోగి ఏదని అడిగితే మంగల్ దొడ్డి చూపించాడు. డాక్టరు లోపల పందిని చూసి, స్టెతస్కోపు మడిచి జేబులో పెట్టుకుని, "సరే, ఇంత దూరం వచ్చాం కదా. ఇంకెవరన్నా ఉన్నారా?" అన్నాడు. మాసేను చూపించాం. ఒంట్లో రక్తం లేదని అదే జీపులో ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు.
మీ ఆఫీసు నుంచి బుజ్జి పేర పోషకాహారం మూట వచ్చింది. పప్పు, పాలపొడి, పండ్లు, గుడ్లు కూడా ఉన్నాయి. లావైన వాళ్లకు గుడ్లు మంచివట. మా పిల్లలు తింటున్నారు. బుజ్జి పేరు కొట్టేస్తారో ఉంచుతారో మీ ఇష్టం. కొట్టేస్తే మాత్రం ఎందుకో మీ పై అధికారులకు మీరే రాయవలసి వస్తుంది.
ఇట్లు, నాగేశ్వరమ్మ
తా.క.: మూటతో బుజ్జికి ఏమీ గుణం కనిపించలేదు. ఇంకా లావైంది. వచ్చే నెల రెండు మూటలు పంపండి.