తెల్లగా మొలిచిన వరి

చిరంజీవి తమ్మునికి అన్నయ్య దీవెనలు.

నీ చవుడు చేనికి ఓర్చుకునే వరి పుడుతుందో లేదో తేలే దినమిది. అందుచేత నీ కూతురి పరిశోధనశాలలోనే కూర్చుని ఈ కార్డు వ్రాస్తున్నాను. విచ్చుకోని వరిపూల నుంచి పుప్పొడి తిత్తులు తీసి, ఆమె సీసాలలో పెంచుతున్నది. అలా వచ్చిన వంగడం ఒక్క తరంలోనే స్థిరపడుతుందట. మామూలు దారిలో ఏడెనిమిది పంటలు ఆగాలి.

ఉదయం నుంచి ఏ సీసా చూసినా తెల్లని మొలకలే. "సత్త్వగుణమే మొలిచినట్లుందమ్మా" అని మెచ్చుకున్నాను.

"పెదనాన్నా, తెల్లగా ఉంటే బతకవు. ఎండని తిండిగా మార్చుకునే పచ్చదనం లేదు వాటికి. మీరు శవాల్ని చూసి మురిసిపోతున్నారు" అన్నది. ఆపై నేనూ పచ్చని మొలక కోసమే సీసాలు వెతికాను.

మూడువందల పన్నెండు సీసాలలో చివరిదానిలో గోరంత పచ్చని మొలక కనిపించింది. ఆమె నవ్వలేదు. "రేపు వేరే సీసాలోకి మార్చాలి. అది నిలబడేదాకా నాన్నకి చెప్పకండి" అన్నది. చెప్పవద్దన్నదే గాని వ్రాయవద్దనలేదు.

అటకమీది డబ్బాలో ఉన్న విత్తనపు వడ్లను మరదలు మరపట్టించకుండా చూడు. ఈ మొలక పోతే మళ్ళీ వాటితోనే మొదలుపెట్టాలి. నీ మోకాలి నొప్పి తగ్గిందా?

"పచ్చగా ఉండండి" అని ఎందరినో దీవించాను. ఆ మాట బరువు నేడు తెలిసింది. ఆ ఒక్క మొలకా, దాని గింజలు తినబోయే పిల్లలూ పచ్చగా ఉందురు గాక.