పిల్ల మొగం కడిగిపిచ్చినం

ఆదివారం, గద్వాల

తమ్మునికి పిల్లను చూడనీకి ఇయ్యాల ఇటిక్యాల దిక్కు పోయినం. పిల్ల పేరు సుజాత, డిగ్రీ చదివింది. చాయ్ తాగినంక అమ్మ నా చెవుల చెప్పింది: "పౌడర్ మస్తు కొట్టిండ్రు. లోపలికి తీస్కపోయి మొగం కడిగిపియ్యి. అసలు రంగేందో చూసిరా."

వద్దని అనాలె. అనలే.

బోరింగు కాడ చెంబుతోని నేనే నీళ్లు పోసిన. సుజాత మొగం తుడుసుకుంట మెల్లగ అడిగింది: "అక్కా, మిమ్మల్ని గూడ గిట్లనే కడిగిపిచ్చిండ్రా?"

"ఔ. మా అత్త ఐతే సబ్బు పెట్టి రుద్దిపిచ్చింది," అన్న. ఇద్దరం నవ్వినం. నవ్వుకుంటనే నా చెయ్యి పట్టుకున్నది.

బయటికొచ్చినంక అమ్మ నా దిక్కు చూసింది. నేను తల అడ్డంగ ఊపిన. గంతే. అమ్మ వెంటనే పిల్ల నాయినతోని, "చాయ జర తక్కువున్నది గద, బంగారం ఇంకింత పెట్టుండ్రి," అన్నది. తమ్ముడు ఫోన్ల నుంచి తల ఎత్తలే.

ఎందుకు ఊపిన్నో నాకే తెల్వదు. అమ్మకు భయపడ్డనా, లేకుంటె నేను పడ్డది ఇంకొకరు గూడ పడాలె అనుకున్ననా...

మాపటికి పిల్ల నాయిన ఫోన్ చేసిండు. నేనే ఎత్తిన.

"ఎట్లన్న చేసి పెడ్తం బిడ్డా. మా సుజాత గీ సంబంధమే కావాలంటుంది. గా అక్క ఉంటె ఆ ఇంట్ల నాకు భయం లేదంటుంది."

"నేనున్న గద, పరేషాన్ గాకుండ్రి," అన్న.