కోడలికి డూప్

జూబ్లీ హిల్స్

మంజులత గారికి, నిర్మాత కాశీవిశ్వనాథం నమస్కారాలు.

మా కోడలు సాయిసుధ పిల్లల కోసం వైద్యం చేయించుకుంటోంది. దాంతోపాటు మీ దగ్గర పొట్టకీ నడుముకీ చేత్తో మర్దన చేయిస్తే కండరాల బిగువు తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. అమ్మాయి జంకుతోంది. నొప్పికి భయమని నాకు అర్థమైపోయింది. అందుకని రేపట్నుంచి అరుణజ్యోతి అనే డూప్‌ని పంపిస్తున్నాను. మా హీరోయిన్ల బదులు మేడల మీంచి దూకే పిల్ల. మీ మర్దన ఆమెకొక లెక్కా?

భవదీయుడు,
కాశీవిశ్వనాథం

తా.క.: వాట్సాప్‌లో పెడితే ఫిల్మ్‌నగర్ అంతా లీకవుతుందని డ్రైవరు చేత ఉత్తరం పంపుతున్నాను.

బంజారా హిల్స్

కాశీవిశ్వనాథం గారికి,

మీ డూప్‌ని వెనక్కి పంపాను. ఆమె నడుం పిసికితే మీ కోడలి నడుం వదులవదండీ. పైగా ఇది అసలు వైద్యానికి తోడు మాత్రమే, పిల్లలు పుడతారని నేను మాటివ్వను. దయచేసి సాయిసుధ గారినే పంపండి.

ఇట్లు,
మంజులత

తా.క.: వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల, "అక్కా, నొప్పికి గిప్పుడే అరవాల్నా, డబ్బింగ్‌ల అరవాల్నా?" అని అడిగింది.

జూబ్లీ హిల్స్

మంజులత గారికి,

పొరపాటు నాదే, కంటిన్యుటీ చూసుకోలేదు. డూప్ ఉపవాసం, కోడలు పప్పన్నం అయితే నడుములెలా కలుస్తాయి? అరుణజ్యోతిని మా ఇంట్లోనే పెట్టేశాను. ఇద్దరికీ ఒకటే భోజనం, ఒకటే రంగు బట్టలు, ఒకటే రకం తలదిండు. ఆ పిల్ల మొహానికి చున్నీ కట్టుకుని వస్తుంటే మీరిప్పుడు వెనక్కి పంపడం లేదు కాబట్టి మ్యాచ్ కుదిరినట్టే.

ఫలితం కూడా కనిపిస్తోంది. ఆమె మీ దగ్గరికి వచ్చిన ప్రతి సాయంత్రం నేను కోడలి గది తలుపు బయటే నిలబడి ఎలా ఉందమ్మా అంటే, మస్తుగుంది మావయ్యా అంటోంది. పెళ్లయ్యాక ఇంత హుషారుగా పలకడం ఇదే మొదలు.

మీ
కాశీవిశ్వనాథం

తా.క.: గొంతు కాస్త మారింది. పప్పుల జర ఉప్పెయ్యమని కూడా అంది. మందుల వేడి అనుకుంటాను. మా ఆవిడ అమ్మాజీ మిరియాల పాలు కాచి తలుపు బయట పెడుతోంది.

బంజారా హిల్స్

కాశీవిశ్వనాథం గారికి,

సాయిసుధ గారు సరేనన్నాకే ఇది రాస్తున్నాను. చున్నీ కట్టుకుని వస్తున్నది మీ కోడలే. తలుపు వెనక మిరియాల పాలు తాగుతున్నది అరుణజ్యోతి.

సాయిసుధ గారికి నొప్పంటే భయం లేదు. మీరూ, అమ్మాజీ గారూ, వంటమనిషీ, చివరికి వాచ్‌మనూ, ఎక్కడికి వెళ్లొచ్చినా విశేషమేమైనా ఉందా అని అడుగుతారు. ఆ ప్రశ్నకే భయం. మొదటి రోజు మర్దన బల్ల మీద చాలాసేపు ఏడ్చారు. ఆ మాట అడగని చోటు ఇన్నాళ్లకి దొరికిందట.

ఇట్లు,
మంజులత

తా.క.: కింది నాలుగు ముక్కలు మీ కోడలివి.

మావయ్యా, శుక్రవారం ఆసుపత్రిలో రిజల్టు చెబుతారు. అది ఏదైనా సరే, మీ అబ్బాయి రిత్విక్‌తో పాటు మీరూ వచ్చి నా పక్కన కూర్చోండి. ఏమీ అడక్కండి. డూప్‌ని మాత్రం పంపకండి.