సూరి ఎడమ కన్ను

మద్రాసు,
ఆదివారం

పూజ్యురాలైన అక్కకు తమ్ముడు రామ్మూర్తి నమస్కరించి రాస్తున్నది. నేను ఇక్కడ కులాసా. నువ్వు, పిల్లలు, అత్తగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మన చిన్న తమ్ముడు సూరి కులాసాగా లేడని తెలుసు. ఈ ఉత్తరం అందుకే. దీన్ని బావకు పైకి చదివి వినిపించు. విననని లేచిపోతే వీధి అరుగు మీదకు వెళ్ళి చదువు.

నా సంగతి ముందు చెప్పేస్తాను. పత్రికలో పని బాగానే ఉంది. ఈ నెల అంతా నాకు పగటి డ్యూటీ. ఎండ తగ్గలేదు. కుళాయి నీళ్ళు ఉప్పగా ఉంటాయి. మెస్సులో సాంబారు, మజ్జిగ, మళ్ళీ సాంబారు. చోడి అంబలి తాగి ఆరు నెలలు దాటింది. సెలవు రోజున తెలుగు వినబడుతుందేమోనని సెంట్రల్ స్టేషనుకు పోయి, మెయిలు దిగేవాళ్ళ పక్కన నిలబడుతున్నాను. ఆరోగ్యం బాగానే ఉంది, బెంగపడవద్దు.

ఇక అసలు విషయం. పోయిన వారం బావ ఉత్తరం వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: "సూరి కన్ను కూసింత ఎర్రబడ్డాది. ఈ జత అద్దాలు పాడైనట్టున్నాయి. బొబ్బిలోళ్ళ ఆటకి తాంబూలం పుచ్చుకున్నాం, ఇంకో జత ఎంటనే పంపు."

కూసింత అంటే ఎంతో నాకు తెలియలేదు. ఒక మాట ఇద్దరి నోట వింటే తప్ప నమ్మకపోవడం నా వృత్తి. బావ నడిపే నాటక సమాజంలో హార్మోనిస్టు అప్పన్న రీడ్లు కొనడానికి మొన్న ఈ ఊరు వచ్చాడు. గదికి పిలిచి అడిగాను. అంతా చెప్పాడు.

అక్కా, వేసవిలో బావ సూరిని ఇక్కడికి పంపింది కళ్ళజోడు మాన్పించడానికే కదా. "రాజు ఏషానికి కళ్ళజోడేటిరా, జనం నవ్విపోరూ" అన్నాడట. డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది నేను. కంటిలో పెట్టుకునే ఆ అద్దాల గురించి ఆయన చెప్పినవన్నీ నా ఎదుటే చెప్పాడు. సబ్బుతో చేతులు కడుక్కుని ముట్టుకోవాలి. ఉమ్మితో తడపకూడదు. కొన్ని గంటలకు మించి ఉంచకూడదు, పెట్టుకుని నిద్రపోకూడదు. రంగు పూసుకోకముందే పెట్టుకోవాలి. కన్ను ఎర్రబడినా, నలక పడ్డట్టున్నా ఆ క్షణమే తీసేయాలి. సూరి ఇవన్నీ ఆయనకు తిరిగి అప్పజెప్పాడు. వాడికి తెలియక జరిగింది కాదు ఇది.

అప్పన్న చెప్పిన ప్రకారం, ఆట రాత్రి ముఖానికి సఫేదా రంగు పూశాకే అద్దాలు పెట్టుకోమన్నారు, మేకప్పు ఆలస్యమవుతుందని. అదే వేళ్ళతో, ఉమ్మితో తడిపి పెట్టుకున్నాడు. రెండో అంకం నాటికే కన్ను మండింది. తెర వెనక బావ దగ్గరికి వెళ్ళి, "కంట్లో ఇసకోసినట్టున్నాది బావా, తీసేస్తాను" అన్నాడు.

బావ ఏమన్నాడో నీకు చెప్పి ఉండడు. "కిరీటమెట్టినాక మొకం కడగరాదురా. హారతిచ్చీదాకా ఓర్సుకో."

ఆ ఆచారం నేనెరుగుదును. నెత్తిన కిరీటం ఉన్నంతసేపూ వేషగాడు ముఖం మీద నీటిచుక్క పడనివ్వడు. చెమట పడితే గుడ్డతో అద్దుకుంటాడు. తప్పు పట్టను. కానీ ఆ ఆచారం పెట్టిన పెద్దలు కంటిలో అద్దం పెట్టుకోలేదు. తెల్లవారి హారతి అయ్యేదాకా సూరి ఓర్చుకున్నాడు. అప్పన్న ఇలా అన్నాడు: "ఆడు పద్యం ఎత్తుకుంటే ఎడం కంట్లోంచి నీళ్ళు ఒకటే కారడం, బాబూ. జనం ఏడుపనుకున్నారు. ఒన్సుమోరన్నారు." సూరి మళ్ళీ పాడాడు. బావ తెర పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడు.

మర్నాడు అత్తగారు ఆ కంట్లో ఆముదం వేశారు. ఆదివారం అరసవల్లి తీసుకువెళ్ళి మొక్కించారు. మొక్కడం తప్పని నేననను. సూరికి ఆ దేవుడి పేరే పెట్టుకున్నాం. గుడికి తీసుకువెళ్ళిన మనిషిని ఆసుపత్రికి కూడా తీసుకువెళ్ళవచ్చు కదా అంటున్నాను. ఆ తరువాత పద్యాల రిహార్సలుకు అవే అద్దాలు మళ్ళీ పెట్టించారు. వాడి కళ్ళజోడు వీధిలో ఎవరి కంటా పడకూడదని బావ నగల పెట్టెలో వేసి తాళం పెట్టాడు. ఇది చదివాక బావ కాదంటే, అప్పన్న మీ ఊళ్ళోనే ఉంటాడు, ఎదురుగా అడగమను.

నిన్న డాక్టరును కలిసి సంగతంతా చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచాడు. నల్లగుడ్డు మీద గీత పడి పుండు పట్టి ఉంటుందన్నాడు. ఆలస్యమైతే కంట్లో తెల్లగా పువ్వు వేస్తుందని, వేస్తే ఆ కంటికి చూపు పూర్తిగా తిరిగి రావడం కష్టమని చెప్పాడు. చూడకుండా ఇంతకంటే చెప్పలేనన్నాడు. కోత పెట్టి చూపు సరిచేసే ప్రయత్నాలు వేరే దేశాల్లో జరిగాయట. తాను మాత్రం ఎవరినీ చేయించుకోమని చెప్పనన్నాడు. సూరికి కళ్ళజోడే క్షేమం. సమాజంలో సాంఘిక నాటకాలు కూడా ఆడుతున్నారు కదా, మాస్టారి వేషానికి కళ్ళజోడు ఉంటే ఎవరూ నవ్వరు. రాజు వేషమే కావాలంటే జోడు తీసేసి ఆడవచ్చు. ఎదుటి మనిషి వాడికి కనబడతాడు, జనం కనబడకపోతే పద్యానికి లోటు లేదు.

ఇంకో జత పంపను. బావ ఎన్ని ఉత్తరాలు రాసినా పంపను.

నువ్వు చేయవలసింది ఇది. ఉత్తరం అందగానే రెండు కళ్ళ అద్దాలూ తీయించు. ఆముదం, పసర్లు, చనుబాలు ఏవీ వేయనివ్వకు. పెట్టె తాళం అడిగి కళ్ళజోడు తీసుకో. బావ ఇవ్వకపోతే తాళం పగలగొట్టు. సూరిని విశాఖపట్నం పెద్దాసుపత్రికి, కంటి విభాగానికి, ఆ రోజే తీసుకువెళ్ళు. అద్దాలు కూడా డబ్బాలో పట్టుకెళ్ళి చూపించు. వాడు వేషం పోతుందని ఏడుస్తాడు. ఏడవనీ.

తాంబూలం పుచ్చుకున్నాక ఆట మానితే పరువు పోతుందని బావ అంటాడు. అందుకని ఆ పని నేనే చేశాను. రాజు వేషగాడికి కన్ను బాగులేదు, ఆట లేదని బొబ్బిలి వాళ్ళకు ఈ ఉదయం తంతి ఇచ్చాను. పోయిన పరువు నా పేరున రాసుకోమను. నన్ను ఇంటి గుమ్మం ఎక్కనివ్వనన్నా సరే.

అత్తగారికి నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. ఎవరైనా ఇటు వస్తే కాసిన్ని చోళ్ళు పంపు. కోపంగా రాశాను, క్షమించమని అడగడం లేదు. సూరిని బస్సు ఎక్కించాక, నువ్వూ వాడి పక్కన కూర్చున్నాక నన్ను దీవించు. అంతదాకా నీ దీవెన నాకు వద్దు.

నీ తమ్ముడు,
రామ్మూర్తి